ఉసూర్‌లోనే హాజరు తీసుకోమని

జిల్లా ఉపాధి అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నిరుద్యోగ భృతి తనిఖీకి నాలుగోసారి ఇచ్చిన తేదీన గైర్హాజరైనందుకు సంజాయిషీ, ఇకపై హాజరు ఉసూర్‌లోనే తీసుకొనుట గురించి.

ఉసూర్ బ్లాకు నివాసి యాలం రేణుక, పన్నెండో తరగతి పాసు, వయసు ఇరవై రెండు, మనవి చేసుకొనునది:

1. మా ఊరి నుండి ఉసూర్‌కు పదకొండు కిలోమీటర్లు నడక. అక్కడి నుండి జిల్లా కేంద్రానికి బస్సు. పొద్దుటి బస్సు తప్పితే ఆనాటి తనిఖీ తప్పినట్టే. రానుపోను ఖర్చు రెండు రోజుల కూలికి సమానము.

2. మీరు మొదటిసారి ఇచ్చిన తేదీన వచ్చాను. సర్వరు పనిచేయలేదు. రెండోసారి ఇచ్చిన తేదీన వచ్చాను. నివాస పత్రంపై ముద్ర సరిగా పడలేదన్నారు.

3. మీరిచ్చిన మూడో తేదీ, మిరప ఏరడానికి తెలంగాణకు మనుషులను తీసుకుపోయే మేస్త్రి సంజయ్ బండి బయలుదేరే రోజు, ఒకటే అయ్యాయి. బండిలో నా పేరు ఉంది. మేస్త్రి ఇచ్చిన బయానా ఇంట్లో ఖర్చయింది. మా అమ్మ తిరుపతమ్మ, "నువ్వు ఆఫీసుకు పో బిడ్డా, బండి నేనెక్కుత" అన్నది.

"నీకు మోకాళ్ళ నొప్పులు గదనే" అన్నాను.

"మిరపకాయ ఏరుడు కూసొని చేసే పనే గద."

అది కూర్చుని చేసే పని కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

4. ఆ ఉదయం బండి వాగు దగ్గర మలుపులో బోల్తా పడింది. తొమ్మిది మంది దెబ్బలతో బయటపడ్డారు. మా అమ్మ చనిపోయింది. మరణ ధ్రువపత్రం నకలు జతచేశాను.

5. మూడో తేదీన నా సంతకం తీసుకున్నారు గాని, వేలిముద్ర యంత్రం పాడైందని నాలుగో తేదీ ఇచ్చారు. అది అమ్మ దినం రోజున పడింది. ఫోను చేసి, "వేరే తారీకు ఇయ్యుండ్రి సార్" అని గుమాస్తాగారిని అడిగాను. "కారణం రాసి పంపు అమ్మా, తారీకు మార్చుడు నా చేతుల లేదు" అన్నారు. అందుకే రాస్తున్నాను.

నా భృతి ఆపినా నాకు ఆక్షేపణ లేదు. మా చుట్టుపక్కల ఊళ్ళ నుండి ఇంకా పద్నాలుగు మంది ఇలాగే వస్తున్నారు. మా పక్కింటి ఊర్మిలకు ఏడో నెల. ఆమె తేదీ వచ్చే సోమవారం. నెలకొక రోజు మీ మనిషి ఒకరు ఉసూర్‌కు వస్తే చాలును.

ఆ సోమవారం లోపుగా చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
యాలం రేణుక

మరొక మాట: మీ ఆఫీసులో హిందీలో అడుగుతారు గనుక హిందీ ప్రతి జతచేశాను. ఈ నాలుగు మాటలు అందులో రాయలేదు. ఆ మూడో తేదీన అమ్మ సంగతి చెప్పడానికి మేస్త్రి ఫోను చేసినప్పుడు నేను మీ ఆఫీసు వరుసలోనే ఉన్నాను. నా ముందు ఇద్దరున్నారు. నేను వరుస విడిచి రాలేదు. నా వంతు వచ్చాక, "ఏదైనా పని చేస్తున్నవా?" అని అడిగితే లేదని చెప్పి, సంతకం పెట్టి, అప్పుడు బస్టాండుకు పోయాను. ఎందుకట్లా చేసిన్నో నాకు తెల్వదు. రిజిస్టరు తీసి చూడండి. సంతకం చక్కగానే ఉంది.