నాన్న పడుకున్న పరుపు

అక్కకి,

తమ్ముడు నమస్కారం చెప్పి రాస్తున్నది. ఇక్కడ ఇంటిల్లిపాదీ బాగానే ఉన్నాం. నువ్వూ బావగారూ పిల్లలూ బాగున్నారని నీ ఉత్తరం చూసి కుదుటపడ్డాం. ఈ సంగతి ఫోన్‌లోనే చెబుదామనుకున్నాను. రెండుసార్లు చేసి, మీ ఊళ్లో ఎండలెలా ఉన్నాయని అడిగి పెట్టేశాను. నీ గొంతు వింటే నోరు పెగలదు. అందుకే కాగితం తీశాను. ఇదీ ఒక్క చోట కూర్చుని రాస్తున్నది కాదు. నాలుగు లైన్లు రాసి లేస్తున్నాను, వరండాలోకి వెళ్లొచ్చి మళ్లీ కూర్చుంటున్నాను.

ముందు నువ్వడిగినవి. బావగారి మోకాలికి నేను చెప్పిన పట్టీ పనికొచ్చిందన్నావు, సంతోషం. దాన్ని పొద్దున్నే లేవకముందే కట్టుకోమను. మా చిన్నదానికి ముందు పళ్లు రెండూ ఊడాయి, ఇప్పుడు మాట్లాడితే సగం గాలే వస్తోంది. మీ మరదలు బడిలో పనికి కుదిరింది. నా కరెంటు పనులు ఎప్పటిలాగే ఉన్నాయి.

ఇక పరుపు. నాన్న వీపు పుళ్లు పడకూడదని నువ్వు పంపిన పరుపుని ఎవరికైనా పనికొచ్చేలా ఇవ్వమన్నావు. ఇల్లు లేని ఆడవాళ్లు ఉండే వసతి గృహానికి ఇచ్చాననీ, వాళ్లు చాలా సంతోషించారనీ కిందటి ఉత్తరంలో రాశాను. ఇచ్చిన మాట నిజమే. మిగతాది రాయలేదు.

నాన్న పోయిన రెండు వారాలకి పరుపు మీద దుప్పటి తీశాను. అంచు కుట్టు వెంబడి నల్లటి చుక్కలు కనిపించాయి. కుట్టు విడదీసి చూస్తే నల్లులు. ఒకటీ రెండూ కాదు, పుట్టలు పుట్టలుగా ఉన్నాయి. మీ మరదలు వంటింట్లో ఉంది. ఆమె చూడకుండా దుప్పటి మళ్లీ కప్పేశాను. ఆ పరుపు సాయంత్రానికి ఇంట్లో ఉండకూడదనిపించింది నాకు. మేడ మీదికి మోసుకెళ్లి మందు కొట్టి, తడిగుడ్డతో మరకలు తుడిచి, పూటంతా ఎండబెట్టి కొత్త గలీబు తొడిగాను. వసతి గృహం వార్డెనమ్మ నాకు తెలిసినావిడే, అక్కడ ఫ్యాన్లూ లైట్లూ నేనే చూస్తాను. పరుపు దించగానే, శుభ్రంగానే ఉందా అని అడిగింది. కొత్తదానిలా ఉందండీ అన్నాను.

మూడు వారాలయ్యాక, హాల్లో ఫ్యాను తిరగడం లేదని కబురొచ్చింది. వెళ్లి చూస్తే మంచాలన్నీ గోడకి ఆనించి నిలబెట్టి ఉన్నాయి. పరుపులన్నీ బయట ఎండలో ఉన్నాయి. ఏమైందని అడిగితే, కొత్తగా వచ్చిన ఒకామె మూటలో నల్లులు తెచ్చిందట, మొదట ఆమె మంచం మీదే కనిపించాయట, ఇప్పుడు పదకొండు మంచాలకి పాకాయట. మిగతావాళ్లు ఆమె పక్కన పడుకోబోమని భీష్మించుకు కూర్చున్నారు. దాంతో ఆమెనీ కూతురినీ సామాన్ల గదిలోకి మార్చారు. శనివారానికల్లా వేరే చోటు చూసుకోమన్నారు కూడా.

ఆమె మంచం మీద ఏ పరుపు ఉందో నేను అడగలేదక్కా. వార్డెనమ్మే చెప్పింది. చిన్నపిల్లతో వచ్చిందని జాలిపడి, ఉన్నవాటిల్లో మంచిది వేశాం, మీరిచ్చినదే, అంది.

నిచ్చెనెక్కి ఫ్యాను కండెన్సర్ మారుస్తుంటే కిటికీలోంచి ఆమె కనిపించింది. పొయ్యి మీద గిన్నెలో బట్టలు ఉడకబెడుతోంది. పిల్ల గౌను రంగంతా దిగిపోయి ఉంది, అది ఎన్నిసార్లు ఉడికిందో. ఫ్యాను తిప్పి చూసి, చేతులు కడుక్కుని ఇంటికొచ్చేశాను.

ఆ తర్వాత రెండు రోజులూ నాకు కాలు ఒక చోట నిలిస్తే ఒట్టు. ఒకరింట్లో లైటు స్విచ్చికి ఫ్యాను కలిపి వచ్చాను. మా మంచం కోళ్లు, సందులు టార్చి వేసి వెతికాను. ఏమీ లేకపోయినా ఒళ్లంతా గోక్కుంటూనే ఉన్నాను. ఏమైంది మీకు అని మీ మరదలు అడిగితే చిరాకుపడ్డాను. శుక్రవారం పొద్దున పనికని బయల్దేరిన వాడిని, బండి అటే తిప్పాను.

హాల్లో పదిమంది దాకా ఉన్నారు. ఆ నల్లులు మా ఇంటి నుంచి వచ్చినవని వాళ్లందరి ముందే చెప్పాను.

"మీకు ముందే తెలుసా?" అంది వార్డెనమ్మ.

"తెలుసండీ. తెలిసే ఇచ్చాను."

ఆవిడ తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ, ఈ మాట ఆమెకి మీరే చెప్పండి, అంది.

సామాన్ల గది గుమ్మంలో నిలబడి చెప్పాను. ఆమె బట్టలు ఉతికే కంపెనీలో పనిచేస్తుంది. ఈ నల్లుల మాట అక్కడిదాకా పోతే పని పోతుందని, బయట చెప్పొద్దంటూ ఇక్కడ అందరి కాళ్లూ పట్టుకుందట. నేను చెప్పడం అయ్యాక పిల్లని దగ్గరికి లాక్కుంది.

"నన్ను ఇన్ని మాటలంటుంటే, నా మూటలోనే ఉన్నాయేమోనని నేనూ నమ్మేశానండీ. పిల్లని కూడా కొట్టాను, ఎక్కడెక్కడో దొర్లొచ్చావని" అంది.

పరుపు తీసుకెళ్లిపోతానన్నాను. ఒక కొస ఎత్తి ఈడ్వబోయాను. అడగకుండానే ఆమె వచ్చి రెండో కొస పట్టుకుంది. ఇద్దరం గుమ్మం దాటించాక అడిగింది, "దీని మీద మీ ఇంట్లో ఎవరు పడుకునేవారు?" అని.

"మా నాన్న. ఆయన పోయారు."

"పాపం, ఆయన్ని కూడా ఇవి కుట్టే ఉంటాయి" అంది.

నా మీద కోపం తగ్గని మనిషి నాన్న మీద జాలిపడింది.

పరుపుని ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, సందు లేకుండా టేపు వేసి, నల్లులున్నాయి, ఎవరూ తీసుకోవద్దు అని పెద్ద అక్షరాలతో రాసి మునిసిపాలిటీ చెత్త యార్డుకి తీసుకెళ్లాను. మంచి పరుపులైతే విప్పి స్పాంజి వేరు చేస్తారట, ఇది మాత్రం నేరుగా కాల్చే కొలిమికే అన్నాడు అక్కడి మనిషి. అది లోపలికి వెళ్లేదాకా నిలబడ్డాను. తర్వాత నాలుగు రోజులు పనులన్నీ ఆపుకుని, పురుగుమందు వాళ్లతో కలిసి పదకొండు మంచాలూ విప్పి, వేడినీళ్లు పోసి మళ్లీ బిగించాను. గుడ్లు మిగిలి ఉంటే ఇంకో వారంలో తెలుస్తుంది. రోజూ పొద్దున వెళ్లి చూసి వస్తున్నాను. ఆమెకి హాల్లో చోటు తిరిగి ఇచ్చారు. నాతో ఇప్పటికీ మాట్లాడదు. మీ మరదలికి కూడా అంతా చెప్పేశాను. రెండు రోజులు ముక్తసరిగా ఉండి, ఇప్పుడు మామూలుగా ఉంటోంది.

ఇది చెప్పేశాక మనసు ఊరుకుంటుందనుకున్నాను, ఊరుకోలేదు. నీ ఉత్తరం చివర్లో ఒకటి అడిగావు. నాన్న ఆఖరి రోజుల్లో బాగా నిద్రపోయాడా అని. దానికి జవాబు రాయకుండా ఇంతవరకూ లాక్కొచ్చాను.

నిద్రపోలేదక్కా. వీపు కింద ఏదో కుడుతోందిరా అనేవాడు. మందుల వల్ల అలా ఉంటుంది నాన్నా, డాక్టరే చెప్పాడు అనేవాణ్ణి. డాక్టరు చెప్పలేదు, నేను అడగనే లేదు. రోజంతా తిరిగి అలిసిపోయి వచ్చి, ఆ దుప్పటి ఒక్కసారి ఎత్తి చూడలేదు. ఎనిమిది నెలలు ఒళ్లు తుడిచాను, అన్నం తినిపించాను, ఆ ఒక్క పనీ చెయ్యలేదు. ఆఖరి నెలలో నాన్న ఆ మాట అనడం మానేశాడు. దురద తగ్గిందని నీకు ఫోన్‌లో చెప్పింది అప్పుడే.

తగ్గలేదు. నాకు చెప్పడం మానేశాడు, అంతే.

నువ్వు ఏమన్నా పడతాను. ఏమీ అనకుండా మాత్రం ఉండకు.

ఇట్లు,
నువ్వు పంపిన పరుపుని ఒక్కసారి ఎత్తి చూడని
నీ తమ్ముడు