పెదాల మాట

మద్రాసు,
1986 ఆగస్టు 4

ప్రియమైన మామకు,

బిడ్డ గుండెలో చిల్లు కుట్టేశారు. బాగా జరిగిందని డాక్టర్లు అన్నారు. ఇప్పుడు వాడి ఊపిరి వాడిది కాదు, మంచం పక్కనున్న మిషిన్‌ది. ముక్కులోంచి ఒక గొట్టం లోపలికి పోయింది. మిషిన్ గాలి కొడితే ఆ చిట్టి రొమ్ము లేస్తుంది, వదిలితే దిగుతుంది. చూస్తూ కూర్చుంటే రెప్పలు బరువెక్కుతాయి. మన మిల్లులోనే ఉన్నట్టు, నా మీద మెల్లగా దూది రాలుతున్నట్టు ఉంటుంది.

మామా, వాడు ఏడుస్తాడు. నోరు తెరుస్తాడు, ముఖం ఎర్రబడుతుంది, శబ్దం మాత్రం రాదు. ఇక్కడ ఇరుళాయి అని ఒక నర్సు ఉంది. ఆండిపట్టి పిల్ల, వాళ్ళింట్లోనూ మన తెలుగే. "గొట్టం గొంతులో ఉండాది కదక్కా, సత్తం ఎట్లొస్తాది? బయపడొద్దు. పోగపోగ, మెల్లమెల్లగా వాడే ఊపిరి తీస్తాడు" అంది.

ఆమె గొట్టంలోని కఫం లాగి, చెయ్యి దోసిలిలా వంచి వాడి వీపు తడుతుంది. ఆ గదిలో గట్టిగా మాట్లాడకూడదు. అందుకే వాడితో మిల్లు మాటే మాట్లాడుతున్నాను, ఉత్త పెదాలతో. వాడూ అలాగే జవాబిస్తున్నాడు. మిల్లువాళ్ళ బిడ్డ కదా!

వేళకు తిను. నా మీద ఒట్టు.

నీ వాసుకి

కోయంబత్తూరు,
ఆగస్టు 7

బంగారు వాసుకికి,

సెలవు దొరకక ఇక్కడున్నానే గాని ప్రాణమంతా అక్కడే ఉంది. నీ ఉత్తరం చదివి నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. ఆ రోజు నూలు వడికే ఫ్రేముల హోరులో "నన్ను కట్టుకుంటావా" అని నేను పెదాలతో అడిగితే, "ముందు ముక్కు మీద దూది తుడుచుకో" అని నువ్వూ పెదాలతోనే అన్నావు. ఆ మాటల్లోంచి పుట్టినవాడికి అవి రాకుండా ఎలా ఉంటాయి!

కానీ నాకు వాడి గొంతు కావాలి. పుట్టినప్పటి నుంచి పాలు తాగడానికే ఆయాసపడ్డాడు, గట్టిగా ఏడ్చింది నేను వినలేదు. గొట్టం తీసి మామూలు వార్డుకు తెచ్చాక మిల్లు ఆఫీసుకు ట్రంక్ కాల్ చెయ్యి. మేస్త్రి రంగసామి అన్న నన్ను పిలుస్తానన్నాడు. ఫ్రేముల షెడ్డు పక్కనే కాబట్టి హోరు వస్తుంది, అయినా చెవికి అదుముకుని వింటాను.

నీ పాత చీరతో ఉయ్యాల కట్టేశాను. ఖాళీ ఉయ్యాల ఊగకూడదంటుంది అమ్మ. అందుకని గాలికి ఊగినా పట్టుకుని ఆపుతున్నాను.

ఎదురుచూస్తూ,
నీ మాయాండి

కోయంబత్తూరు,
ఆగస్టు 20

వాసుకికి,

నిన్న ఫోన్ వచ్చింది. మద్రాసు నుంచి అన్నారు. "వాసుకీ" అని అరిచాను. నువ్వు పలకలేదు. హోరు మధ్యలో సన్నగా ఊపిరి మాత్రం వినిపించింది. తర్వాత లైను తెగిపోయింది. ఆ కబురు చెప్పడానికి నోరు రాక ఊరుకున్నావని అర్థమైంది.

అమ్మకు చెప్పలేదు. ఉయ్యాల విప్పి మడత పెట్టాను. "రైలెక్కుదాము, పదరా తమ్మీ" అని రంగసామి అన్న చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి విడిపించుకున్నాను. నువ్వింకా చెప్పలేదు కదా. ఒక్క ముక్క రాయి. అది వచ్చేదాకా నేను తండ్రినే.

మాయాండి

మద్రాసు,
ఆగస్టు 22

ప్రియమైన మామకు,

తంతి కొట్టించాను, ఈపాటికి అంది ఉంటుంది. అయినా నువ్వడిగిన ముక్క ఇదిగో: బిడ్డ బతికాడు. చల్లగా ఉన్నాడు.

నన్ను ఎంత తిట్టినా సరే. ఫోన్లో ఫ్రేముల హోరు చెవిన పడగానే నీ ఎదురుగా నిలబడ్డట్టే అయింది. అంతా చెప్పాను మామా! గొట్టం తీశారని, పాలు తాగాడని, నీలాగే మూతి ముడుస్తాడని. అన్నీ పెదాలతోనే చెప్పానని నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియలేదు. ఇరుళాయి నెత్తి కొట్టుకుంది. "నోరు ఆడతా ఉండింది, సత్తం లేదు. సామికి మొక్కుతా ఉండావనుకొంటినక్కా!"

వాడి ఏడుపు నీకు వినపడాలని అరికాలు గిల్లాను. గొట్టం ఒరుసుకుని గొంతు ఇంకా బొంగురు, కీచుమని కూడా రాలేదు. సరే, ఇదైనా వినిపిద్దామని ఫోన్ వాడి ముక్కు దగ్గర పెట్టాను.

నువ్వు విన్న ఊపిరి నాది కాదు మామా. వాడిది. మిషిన్ లేకుండా వాడే తీసుకున్నది.

వచ్చేవారం బయలుదేరుతున్నాం. ఉయ్యాల మళ్ళీ కట్టు.

ఈసారి గొంతెత్తి చెబుతున్న
నీ వాసుకి