కోదాడ బస్సులో వచ్చిన పాలపొడి

శనివారం, రాత్రి

ఈరోజు నేనే గెలిచాను. ఏ రోజు సరుకు ఆ రోజే వచ్చే మా సూర్యాపేట స్టోర్‌లో నిల్వ ఉండదు. వాగు పొంగి హైదరాబాద్ లారీ ఆగిపోవడంతో పసిపిల్లల పాలపొడి అయిపోవచ్చింది. హెడ్డాఫీసు రేపటిదాకా ఆగమంది. నేను ఆగకుండా కోదాడ స్టోర్ మేనేజర్‌కు ఫోన్ చేశాను.

"ఇరవై డబ్బాలున్నాయమ్మా, బస్సులో వేయించనా?"

"జర జల్దీ పంపుండ్రి సార్!"

సాయంత్రం గరిడేపల్లి నుంచి ఒక పెద్దామె వచ్చేసరికి మా దగ్గరున్న చివరి డబ్బా కూడా అమ్ముడైంది.

"కవల పిల్లలు బిడ్డా. మా కోడలికి పాలు పడ్తలెవ్వు," అంది కళ్లనీళ్లతో.

"జరసేపు కూసో అమ్మా, బస్సు వస్తున్నది," అన్నాను.

స్కూటీ మీద బస్టాండుకు వెళ్లి పెట్టె నేనే తెచ్చాను. రెండు డబ్బాలు చేతికివ్వగానే ఆమె నా తల నిమిరింది.

కోదాడలోనూ లేకపోయుంటే? సోమవారం హెడ్డాఫీసు సంజాయిషీ అడుగుతుంది, అడగనీ. ఆ పసివాళ్లు ఈపాటికి కడుపునిండా తాగి నిద్రపోయి ఉంటారు.