టాలివర్ గారికి ఒక ఎండుద్రాక్ష

మిల్వాకీ, మంగళవారం

కౌన్సెలర్ లిండ్‌స్ట్రోమ్ అమ్మాయికి,

ఎర్నెస్టీన్ టాలివర్ రాస్తున్నాను. నేనింక నీ దగ్గరికి రాను. ఆసుపత్రి వంటింట్లో ఇన్నేళ్లుగా నా నడుముకున్న స్టోరు తాళాలు లాక్కుని, మొన్న చేరిన తెల్లపిల్లకిచ్చాడు మా మేనేజర్ రాల్ఫ్. ఎందుకయ్యా అంటే, "నీ గొంతు వింటే జనం జడుసుకుంటారు" అన్నాడు. నేను ఫిర్యాదు చేశాను, నెలాఖరున విచారణ. అక్కడ అరవకుండా, ఏడవకుండా మాట్లాడే ధైర్యం కావాలని నీ దగ్గర కడుపులోదంతా వెళ్లబోసుకుంటే నువ్వేం చేశావు? కళ్లు మూసుకుని నిద్రపోయావు! మా నల్లవాళ్ల గోడు విని విసుక్కున్న తెల్లవాళ్లను చూశాను గానీ, కునుకు తీసినవాళ్లను ఇదే చూడడం.

ఇక సెలవు,
ఎర్నెస్టీన్

తా.క. గురక పెట్టలేదు. అంతవరకు మర్యాదస్తురాలివే.

*

గౌరవనీయులైన టాలివర్ గారికి,

నేను నిద్రపోలేదండీ. అది ధ్యాస సాధన. జాతి వివక్ష గురించి మీలాంటివాళ్లు చెబుతుంటే నాలాంటి తెల్ల కౌన్సెలర్‌కు లోపలేదో గింజుకుంటుంది. "ఆయన ఉద్దేశం అది కాదేమో" అన్న మాట నాలుక చివరికి వచ్చి కూర్చుంటుంది. అది మీ మీద పడకముందే ఊపిరి మీద ధ్యాస నిలిపి, నా భయాన్ని నేను గమనించుకుని, ఆ తర్వాతే నోరు విప్పాలని మా శిక్షణ. కళ్లు కూడా మూయాలా అన్నది నాకూ అనుమానమే. నాకు అనుమానం లేని విషయం ఉందా అన్నదీ అనుమానమే.

విచారణలోగా ఒక్కసారి రండి. సాధన ఎలా ఉంటుందో తెలియడానికి ఒక ఎండుద్రాక్ష పంపుతున్నాను. ముందు దాన్ని చూడండి, వాసన పీల్చండి, తర్వాత నిదానంగా నమలండి.

మీ రాక కోసం చూస్తూ,
మార్తా లిండ్‌స్ట్రోమ్

తా.క. కడిగానో లేదో గుర్తు రావడం లేదు.

*

మార్తా అమ్మాయికి,

వంటమనిషికి ఒక్క ఎండుద్రాక్షా! మీ తెల్లవాళ్లు ఆలుగడ్డ సలాడ్‌లో ఎండుద్రాక్ష వేసి పాడుచేస్తారని మా ఇళ్లలో ఎప్పటినుంచో నవ్వుకుంటాం. ఇప్పుడు కవర్లో పెట్టి ఇళ్లకే పంపుతున్నారా? మా చెల్లెలు వర్నీస్ చూసి, "ఇది బెదిరింపే అక్కా! తాళాలు పోయాయి, ఇంక వంట మీద పడ్డారు" అంది.

అయితే 'ఆయన ఉద్దేశం అది కాదేమో' అన్న మాట నీ నాలుక మీద ఉందన్నమాట! ఒప్పుకున్నందుకు మెచ్చుకోనా, ఉన్నందుకు తిట్టనా? పోనీలే, నోరు మూసుకున్నావు. రాల్ఫ్‌కి అదీ చేతకాదు.

రాను గాక రాను,
ఎర్నెస్టీన్

తా.క. ద్రాక్షను వర్నీస్ మింగేసింది. ధ్యాసా గీసా ఏమీ పెట్టలేదు.

*

టాలివర్ గారికి,

మీ దగ్గరనుంచి ఇంకో మాట రాక రెండు రోజులుగా ఒకచోట కూర్చోలేకపోతున్నాను. క్షమాపణ రాస్తే అది నా మనశ్శాంతి కోసమేమో, రాయకపోతే పొగరేమో అని కాగితాలు చించి చించి బుట్ట నింపాను. చివరికి చూస్తే మీ కష్టం పక్కకు జరిగి, నా గొడవ మధ్యలో కూర్చుంది.

ముందే చెప్పవలసిన మాట ఇప్పుడు చెబుతున్నాను. మీకు జరిగింది వివక్షే. విచారణలో తగ్గకండి.

ఇది ఊపిరి తీసుకోకుండా రాశాను.

మార్తా

తా.క. ఆ సలాడ్‌లో మా అమ్మ ఎండుద్రాక్ష వేసేది. ఇన్నాళ్లూ బాగుందనే తిన్నాను.

*

మా అమ్మాయి మార్తాకి,

నీ ఉత్తరం మడిచి రవికలో దోపుకుని, వర్నీస్‌ని తోడు తీసుకుని విచారణకు వెళ్లాను. నాచేత అరిపించి, "చూశారా ఆ గొంతు" అందామని రాల్ఫ్ కాచుకుని ఉన్నాడు. నేను చెప్పాల్సింది మెల్లగా చెప్పేసి, నీలాగే కళ్లు మూసి ఊపిరి మీద ధ్యాస పెట్టాను. గదంతా నిశ్శబ్దం. అది భరించడం మీ వాళ్ల వల్ల కాదని నీ చెత్తబుట్టే చెప్పింది కదా! రాల్ఫ్ వల్లా కాలేదు. "నా ఉద్దేశం అది కాదు" అని మొదలుపెట్టి, ఎవరూ అడగకుండానే, "ఆ మనుషుల చేతిలో తాళాలుంటే నాకు మనసు కుదుటపడదు" అనేశాడట. విచారణవాళ్లు గబగబా రాసుకున్నారట. తాళాలు మళ్లీ నా నడుముకే వేలాడుతున్నాయి.

కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. గురువారం తెస్తున్నాను. కళ్లు తెరుచుకుని విను. ద్రాక్ష లేని సలాడ్ కూడా తెస్తాను. నమలడం ఎలాగో చూపిద్దువు గాని.

ప్రేమతో,
ఎర్నెస్టీన్

తా.క. ఇన్ని 'అట'లు ఎందుకని అడగవేం? ఎన్నాళ్లుగా నిద్ర లేదో ఏమో, కళ్లు మూయగానే నిజంగా కునుకు పట్టేసింది. రాల్ఫ్ మాటలన్నీ వర్నీస్ చెబితేనే తెలిశాయి. ఇప్పుడు ఒట్టేసి చెప్పు తల్లీ, ఆ రోజు నువ్వు చూసుకున్నది ఊపిరేనా?