వంకర చిటికెనవేలు

నా బంగారు అక్కకు,

ఇది చదివి చింపెయ్యి. బావగారి కంట పడనివ్వకు. నీ మరిది చెవిన పడిందా, నా కొంప మునిగినట్టే.

నర్సింగ్ పిల్లల కోసం తయారుచేసిన నా శరీరశాస్త్రం పాఠాలను అతను తన పేరు మీద అచ్చువేసి అమ్ముకుంటున్నాడని నేను కోర్టుకెక్కాను కదా. ఇద్దరం కలిసి పెట్టిన కోచింగ్ సెంటరు. ఓ రోజు నన్ను బయటికి పంపి తాళం మార్చేశాడు. నా చెప్పుల జత కూడా లోపలే ఉండిపోయింది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను చూశాను గానీ, వాసాలు పీక్కుపోయి అమ్ముకునేవాణ్ణి ఇతన్నే చూశాను.

ఇప్పుడు కోర్టు నా మాట విన్నది. ఒక లాయరమ్మను కమిషనరుగా వేసింది. ఆవిడ కంప్యూటర్లు తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళి, సెంటరు కంప్యూటర్లలో ఉన్నదంతా నకలు తీస్తుంది. ముందే తెలిస్తే చెరిపేస్తాడని అతనికి నోటీసు కూడా పంపలేదు. సోమవారం పొద్దున్నే వెళ్తారు. ఈ సంగతి మా లాయరుకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నీ దగ్గర దాచలేక చెబుతున్నాను.

రుజువంటావా, బోలెడు. నా పుస్తకంలో ఎడమచేతి బొమ్మకు చిటికెనవేలు వంకరగా ఉంటుంది. అతని పుస్తకంలోనూ అదే వంకర. పాఠాలూ బొమ్మలూ అన్నీ నేనొక్కదాన్నే చేశానని, ఆ వంకర నా పనికి గుర్తని అఫిడవిట్‌లో రాసిచ్చాను. అతని మొహం మాడిపోవడం కళ్ళారా చూడాలక్కా. అప్పుడు గానీ నా కడుపు చల్లబడదు.

నీ
బుల్లి

*

అక్కకు,

'బంగారు' అని రాయబోయి ఆపాను.

సోమవారం అన్నది ఉత్తమాట; నువ్వు అతని చెవిన వేస్తావో లేదో చూద్దామని రాశాను. ఆర్డరులో రోజు లేదు. ఆ కంప్యూటర్లు ఎక్కడుంటే అక్కడికి, ఎవరింటికైనా సరే, కమిషనరు వెళ్ళవచ్చని ఉంది. సెంటరు ఎదుటి జిరాక్సు కొట్టులో మా లాయరు గుమాస్తాను కూర్చోబెట్టాను. నీకు ఉత్తరం అందిన మర్నాడే నీ మరిది కంప్యూటర్లన్నీ దుప్పట్లలో చుట్టి ట్రాలీ ఆటో ఎక్కించాడు. అది ఎక్కడ ఆగిందో నీకు వేరే చెప్పాలా?

మీ వాకిట్లో ఆగిందని గుమాస్తా ఫోను చేసినప్పుడు, "సరిగ్గా చూశావా?" అని రెండుసార్లు అడిగాను. పొరపాటు పడ్డానని అతనంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. ఆ తర్వాత ఒళ్ళు మండిపోయింది. కమిషనరుకు మీ అడ్రసు నేనే ఇచ్చాను.

ఇంటిగుట్టు లంకకు చేటంటారు. గుట్టు నాది, చేటు మీ ఇంటికొచ్చింది. ముందుగది నిండా పరాయివాళ్ళు, వైర్లు, కిటికీల్లోంచి ఇరుగుపొరుగు. అప్పుడు నువ్వు ఎలా నిలబడ్డావో చెప్పమని, కమిషనరు వెంట వచ్చిన గుమాస్తాను గుచ్చి గుచ్చి అడిగాను. ఎందుకో నీళ్ళు నమిలాడు. నాకింక అక్క లేదు.

ఇట్లు,
వాది

*

బుల్లీ,

వాది అని సంతకం పెట్టినంత మాత్రాన చెల్లెలివి కాకుండా పోతావా?

నీ మొదటి ఉత్తరం చదవగానే అది ఎర అని తెలిసిపోయింది. కొత్త రిబ్బను కొనుక్కున్నా నాకు చెప్పని దానివి, కోర్టు రహస్యం చెబుతావా? అయినా కావాలనే మింగాను. మా మరిదికి నేనే ఫోను చేశాను. "ఇప్పుడు చెరిపితే దొరికిపోతావయ్యా. అన్నీ తెచ్చి మా ఇంట్లో పడెయ్. ఇక్కడెవరు చూస్తారు?" అన్నాను. "మా వదిన దేవత!" అన్నాడు పాపం. దేవత గదికి తాళం వేసింది. మీ బావ అడిగినా తాళంచెవి ఇవ్వలేదు. నువ్వు కమిషనరమ్మను పంపుతావని నాకు తెలుసు. ఆవిడ తలుపు తట్టకముందే తీశాను.

ఎందుకంటావా? ఆ బొమ్మలు ఎవరు గీశారే? వంటింటి బల్ల మీద ఎడమచెయ్యి పరుచుకుని కుడిచేత్తో గీసింది నేను కాదూ? ఆ వేలు చిన్నప్పుడు నువ్వు తలుపేసి నలిపిన వేలు కాదూ? ప్రతి బొమ్మకూ మూలన పొట్టి సంతకం పెట్టాను. పుస్తకంలోకి వచ్చేసరికి ఆ మూల కత్తిరించావు. సొంత చెల్లెలే కదా అని ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. ఇప్పుడు అది నీ పనికి గుర్తని, పైగా నాకే రాస్తావా? అతను నిన్ను దోచాడు, నిజమే. మరి నువ్వు నన్ను చేసిందేమిటి?

గీసిన కాగితాలు ఎప్పుడో పోయాయి. నా సంతకాలతో స్కాన్ చేసిన అసలు బొమ్మలు ఆ కంప్యూటర్లలో తప్ప ఇంకెక్కడా లేవు. వాటికోసం నేను కోర్టుకెక్కితే నన్నెవరు లెక్కచేస్తారు? ఇప్పుడు నీ పుణ్యమా అని నకళ్ళు తీసి, సీలు వేసి, కోర్టులో భద్రంగా పెట్టారు. తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడు ఉంటాడు.

గుమాస్తా ఎందుకు నీళ్ళు నమిలాడో చెబుతాను. కమిషనరమ్మ వెళ్ళబోతూ నీ పుస్తకం తెరిచి, "ఈ వేలేమిటండీ, ఇంత వింతగా ఉంది?" అంది. నా ఎడమచెయ్యి ఆ బొమ్మ పక్కన బోర్లించాను. ఆవిడ చేతినీ బొమ్మనూ మార్చి మార్చి చూసింది. తర్వాత కలం మూత తీసి నా పేరు అడిగింది.

నీ
అక్క