మల్లమ్మ గ్లాసు

మాదాపూర్,
12 నవంబరు 1998

అక్కయ్యా,

అమ్మ మన పనిమనిషి గ్లాసు వేరుగా ఎందుకు పెట్టేదని చిన్నప్పుడు నిన్నడిగాను. ఇప్పుడు నా ఇంట్లోనూ అలాగే పెడుతున్నాను.

పోయిన వారం వంటింటి అలమరాలకు రంగు వేయించాం. వేసింది మా పనిమనిషి మల్లమ్మ భర్త సాయిలు. ఆరాక సామాన్లు సర్దుతూ, సింకు కింద నుంచి తీసిన గ్లాసు చూపించి, "అమ్మా, గిది ఏ అరల వెట్టాలె?" అన్నాడు.

నేను అలమరా తలుపు తుడవసాగాను.

"అది నాదే. అమ్మోళ్ల గ్లాసులల్ల కలపకు, కిందనే వెట్టు," అంది పక్కనే గిన్నెలు తోముతున్న మల్లమ్మ.

సాయిలు నా వైపు చూడకుండా దాన్ని గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు. గ్లాసు ఇంకా అక్కడే ఉంది. అప్పటినుంచి మల్లమ్మ టీ వద్దంటోంది.

పై అరలో మా గ్లాసుల పక్కన పెడదామని తీసి, మళ్లీ గట్టు మీదే పెట్టేస్తున్నాను. కలిపేస్తే, రేపు అందులో నేను తాగగలనా? సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇంకా తేల్చుకోలేకపోయాను.

నీ చెల్లెలు