కాల్చింది నేను, కటకటాల్లో నా కొడుకు

జిల్లా నేర విచారణాధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: శాన్ హసింతో ఊరి కాపు మసెదోనియో పచేకో ఎడమ కన్ను పోయిన కేసులో, కాల్చిన నన్ను విడిచిపెట్టి కాల్చని నా కొడుకును బంధించుట – ఈ పొరపాటును నేడే సరిదిద్దవలసినదిగా మనవి.

నా పేరు తెయోదోసియా లావరియేగా. వయస్సు ఎనభైకి అటో ఇటో. బాప్తిస్మపు పుస్తకం గుడి తగలబడినప్పుడు పోయింది గనుక అంతకంటే కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. విధవను. ఇంట్లో ఉండేది నేను, నా కొడుకు లిబ్రాదో, కోడలు నికాండ్రా. ఈ వానల మొదటి వరకు నా చెల్లెలు ఎవ్లోహియా కూడా ఉండేది. నాకు చదువు రాదు. సంత చావడిలో కమానుల కింద టైపు మిషను పెట్టుకుని కూర్చునే దోన్ అన్సెల్మో చేత ఇది చెప్పి రాయిస్తున్నాను. ఇందులో మర్యాద మాటలు ఆయనవి. తక్కినవి నావి.

1. మొక్కజొన్న మొలకెత్తే రోజుల్లో మా పొలాల మీద సనాతె పిట్టలు దిగుతాయి. నల్లటి ఒళ్లు, పొడుగు తోక, పచ్చటి కన్ను. అవి ఆకు తినవు. మొలకను ముక్కుతో పట్టి లాగి, అడుగున ఉన్న గింజ మింగి, మొలకను పక్కన పారేస్తాయి. మనిషి వెళ్లి గంజి తాగి వచ్చేసరికి చాలుకు చాలు ఖాళీ. వాటిని నేను నా పెనిమిటి విడిచిపోయిన స్ప్రింగు తుపాకితో చంపుతాను. అది మందు పెట్టే తుపాకి కాదు. గొట్టాన్ని నడుం దగ్గర విరిచి కిందికి వంచితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది, సీసపు గుండు పెట్టి మూస్తే సిద్ధం. చప్పుడు తక్కువ. అందుకని ఒకటి పడితే పక్కది ఎగిరిపోదు, ఇదెందుకు పడిందా అని వంగి చూస్తుంది. దాన్నీ కొడతాను. చచ్చినవాటిని కాళ్లకు తాడు కట్టి కర్రలకు తలకిందులుగా వేలాడదీస్తాను, బతికున్నవి చూడాలని. ఎవ్లోహియా రేకు డబ్బా వాయించి పిట్టల్ని లేపేది, అవి ముళ్లచెట్టు మీద వాలేవి, నేను దించేదాన్ని. పసితనంలో వచ్చిన జ్వరానికి దాని బుర్ర అక్కడే ఆగిపోయింది. పిట్టలు రాలినప్పుడల్లా గంతులేసి నవ్వేది. ఇది ఫిర్యాదు కాదు. అంకె వెయ్యకుండా ఏదీ రాయకూడదని దోన్ అన్సెల్మో అనడం చేత ఒకటో అంశమైంది.

2. మా గట్టుకు అవతల మసెదోనియో పచేకో జొన్న వేస్తాడు. కాపలా ఉండే ఓపిక లేదు, తుపాకి పట్టే నిదానం లేదు. విత్తనాల కొట్లో అమ్మకూడని మందేదో తెచ్చి, మొక్కజొన్న గింజల్ని నానబెట్టి గట్టు పొడుగునా చల్లడం మొదలుపెట్టాడు. మొదటి రోజే మా సీమకోళ్లు మెడలు వాల్చి చచ్చాయి. కుక్క గిలగిలా కొట్టుకుని నా పాదాల మీదే ప్రాణం వదిలింది. నేను గట్టు దగ్గరికి వెళ్లి అడిగాను. జరిగిన మాటలు ఉన్నవున్నట్టు రాయిస్తున్నాను:

"ఏరా మసెదోనియో, పిట్టల్ని చంపుతున్నావా, ఊరినా?"

"కోప్పడకు పెద్దమ్మా. నువ్వు ఆ బొమ్మ తుపాకి పెట్టుకుని ఒక్కోదాన్నీ పేరెట్టి పిలిచి చంపుతావ్. నేను ఒక్క సంచి చల్లితే తెల్లారేసరికి నేలంతా నల్లగా పరుచుకుంటాయ్."

"నీ నేల నువ్వేమన్నా చేసుకో. గట్టు దాటి ఇంకొక్క గింజ నా చాల్లో పడిందా, చల్లే చెయ్యి ఉండదు నీకు."

"అబ్బో! ముందు ఆ నడుం నిలబెట్టు పెద్దమ్మా, తర్వాత నా చెయ్యి సంగతి చూద్దువుగాని."

ఇది విని అతని కూలీలు నవ్వారు. ఊరి పెద్ద దోన్ కాస్తులోకు కూడా చెప్పాను. "ఆదివారం సభలో మాట్లాడదాం తెయోదోసియా" అన్నాడు. ఆదివారం వచ్చేలోపల మూడో అంశం జరిగింది.

3. పిట్టలతో పాటు గువ్వలు కూడా ఆ గింజలు తిని రాలాయి. సనాతెను మేము తినము. గువ్వను తింటాము. ఎవ్లోహియా జీవితమంతా నేను కొట్టిన గువ్వల్ని ఏరుకొచ్చి, ఈకలు పీకి, ఉప్పు మిరపకాయ రాసి పెనం మీద కాల్చుకుని తిన్నది. కింద పడిన గువ్వ అంటే అక్క కొట్టిన గువ్వ అనే దానికి తెలుసు. ఆ పూట నేను సంతకు వెళ్లాను. తిరిగివచ్చేసరికి పొయ్యి ముందు పడి ఉంది. నోట్లోంచి, ముక్కులోంచి నీళ్లు ఊరుతున్నాయి. కంటిపాపలు సూదిమొనంత అయిపోయాయి. ఒళ్లంతా తాడు లాగినట్టు ఎగిరెగిరి పడుతోంది. కాళ్లు పట్టుకున్నాను, ఆగలేదు. "అక్కా, పిట్టలు నా కడుపులో ఎగురుతున్నయ్" అన్నది. అదే ఆఖరు మాట. ఆరోగ్య కేంద్రంలో వాంతుల వల్ల మరణం అని రాశారు. గువ్వ ఎముకలు గుడ్డలో కట్టి తీసుకెళితే, ఆ గుడ్డ విప్పకుండానే, బయట పారేయమన్నారు.

4. చెల్లెల్ని పూడ్చిన మర్నాడు తుపాకి తీసుకుని పొలానికి వెళ్లాను. పిట్టల కోసం వెళ్లానని ఎవరైనా తమతో చెబితే నమ్మవద్దు. మసెదోనియో గట్టు మీద సంచి పట్టుకుని ఉన్నాడు. సంచిలో చెయ్యి పెట్టి మళ్లీ చల్లుతున్నాడు. నేను అడిగాను:

"ఎవ్లోహియా చచ్చిపోయింది. నీకు తెలుసా?"

"తెలిసింది. పాపం. అయినా కింద పడ్డవి ఏరుకుని తినమని నేను చెప్పానా పెద్దమ్మా? పిచ్చిది, తిన్నది, పోయింది. నీకూ ఒక బరువు తగ్గింది."

ఇది అన్న నోరు మూయకముందే కొట్టాను. ఎడమ కన్ను. గుండు లోపలికి పోయిన చప్పుడు నాకు వినబడింది, పండిన పండు రాయి మీద పడ్డట్టు. వాడు చాల్లో పడి, రెండు చేతులతో మొహం మూసుకుని, కత్తి కింద పందిలా అరిచాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారింది. నేను గొట్టాన్ని మళ్లీ విరిచాను, నేలకు ఆనించి మోకాలితో వంచాను, గుండు పెట్టాను, కొట్టాను. అది చెవి తమ్మెను చీల్చుకుపోయింది. ఇంకోసారి వంచాను. ఆ మూడోది గొంతుకు.

5. మూడోది పేలలేదు. కారణం నా కొడుకు లిబ్రాదో. అరుపులు విని పై పొలంలోంచి పరుగెత్తుకొచ్చి, గొట్టం ఇంకా విరిచే ఉండగా తుపాకిని పట్టుకుని లాగాడు. "అమ్మా, వదులు! అమ్మా, చచ్చిపోతాడు!" అన్నాడు. "చావనీ!" అన్నాను. ఆ పెనుగులాటలో నా వేలు ట్రిగ్గరు మీద పడింది. స్ప్రింగు తుపాకి గొట్టం విరిచి ఉండగా ట్రిగ్గరు నొక్కితే గొట్టం ఎగిరి మూసుకుంటుంది. ఎలుకబోను కంటే ఘోరం. లిబ్రాదో కుడిచేతి మూడు వేళ్లు ఆ విరిచిన సందులో ఉన్నాయి. ఎముకలు విరిగిన చప్పుడు కూడా నేను విన్నాను. వాడు అరవలేదు. మోకాళ్ల మీద కూలబడి, "ఇప్పుడైనా వదులు అమ్మా" అన్నాడు. వదిలాను.

6. మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఎవరు ఏ తప్పు చేసినా, ఊరి జాబితాలో ఆ ఇంటి తరఫున పేరున్న మగవాడు సభలో లేచి, తన టోపీ తీసి బల్ల మీద పెట్టాలి. అంటే ఈ తప్పు మా ఇంటిది, దండన ఏదైనా మా ఇల్లు మోస్తుంది అని. ఎవరు చేశారని ఎవరూ అడగరు, ఎందుకంటే అందరికీ తెలుసు. తన మేక గుడి తోట మేసినా, తన కూతురు ఎవరి తల పగలగొట్టినా, టోపీ పెట్టేది ఆ మగవాడే. దండన ఊరి పని: కాలవ తవ్వడమో, బాటకు రాళ్లు మోయడమో. లిబ్రాదో కట్టు కట్టిన చేత్తోనే టోపీ తీసి పెట్టాడు. అయితే కన్ను పోయిన కేసు గనుక ఆ రోజు సభలో తమ ఆఫీసు గుమాస్తా కూడా కూర్చున్నాడు. ఆయన పట్నపు మనిషి. టోపీ చూసి, ముద్దాయి తనంతట తానే నేరం ఒప్పుకున్నాడని రాసుకున్నాడు. విరిగిన వేళ్లు చూసి, తుపాకి కాల్చినది ఈ చెయ్యే అని కూడా రాసుకున్నాడు. దోన్ కాస్తులో లేచి, "అయ్యా, అది అలా కాదు" అని మొదలుపెడితే, "కూర్చోండి పెద్దాయనా, ఇది ఊరి వ్యవహారం కాదు" అన్నాడట. ఆడవాళ్లం సభ బయట ఉంటాము. లోపలి సంగతి నాకు తెలిసేసరికి నా కొడుకుని, తుపాకిని జీపు ఎక్కించారు.

అయ్యా, కాల్చేవాడి వేళ్లు ట్రిగ్గరు దగ్గర ఉంటాయి. గొట్టం విరిచిన సందులో వేళ్లు ఉన్నవాడు ఆపడానికి వచ్చినవాడు. కావాలంటే తమ గుమాస్తాను అలా వేళ్లు పెట్టి కాల్చమనండి.

7. మసెదోనియో పచేకోకు తనను ఎవరు కొట్టారో తెలుసు. కళ్లు రెండూ ఉండగానే నన్ను చూశాడు, నాతో మాట్లాడాడు. అయినా తమ ఎదుట లిబ్రాదో పేరు చెప్పాడు. ఎందుకని? సాటి మగవాడితో కలబడి కన్ను పోగొట్టుకున్నానంటే సారాకొట్టులో ఒక గ్లాసు పోస్తారు. ముసలిది కొట్టిందంటే చచ్చేదాకా ఎగతాళి చేస్తారు. నా కొడుకును జైల్లో పెట్టించి వాడు పరువు కాపాడుకుంటున్నాడు.

8. నేను తమ ఆఫీసుకు ఇదివరకే వచ్చి నోటితో చెప్పాను. గుమాస్తా, పక్కనున్న పోలీసు ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

"ఇంటికెళ్లు అవ్వా. అమ్మలందరూ ఇదే చెప్తారు" అన్నాడు గుమాస్తా.

"అమ్మలందరూ కన్ను మీద కొట్టగలరా?"

"నీ చేత్తో ఆ గొట్టం వంగుతుందా అసలు?"

"తుపాకి తెచ్చివ్వు. గొట్టం వంగుతుందో లేదో చూద్దువుగాని. నువ్వు మాత్రం అలాగే ఎదురుగా నిలబడు."

అందుకు నన్ను చెయ్యి పట్టుకుని బయటికి నెట్టారు. మెట్ల మీద పడి మోచెయ్యి చిట్లింది. మోచేతి గురించి నాకు ఫిర్యాదు లేదు.

9. ఫిర్యాదంతా ఇక్కడ ఉంది. నికాండ్రా మొన్న రొట్టెలు తీసుకుని జైలుకు వెళ్లింది. లిబ్రాదో వేళ్లు ఎవరూ సరిచేయలేదు. మేము కట్టిన గుడ్డే ఇంకా ఉంది. విప్పితే వాసన వచ్చిందట. రెండు వేళ్లు నల్లబడ్డాయి, ఎరుపు మణికట్టు దాటి పైకి పాకింది, ఒళ్లు కాలిపోతోంది. "అమ్మతో చెప్పకు" అన్నాడట. నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతారు? ఒక తోబుట్టువు నా చేతుల్లో కొట్టుకుని చచ్చింది. చేతుల్లో లేని కొడుకు ఇంకోచోట కుళ్లి చావడం నేను ఒప్పుకోను.

10. సర్కారు ఇచ్చిన వకీలు అబ్బాయి మంచివాడే. పిట్టకు గురిపెడితే పొరపాటున తగిలిందని లిబ్రాదో చేత చెప్పిస్తే శిక్ష తగ్గుతుందని అంటాడు. ఇప్పుడు దోన్ అన్సెల్మో కూడా మిషను ఆపి, "పోనీ, నువ్వే పిట్టకు గురిపెట్టావని రాయనా దోన్యా తెయోదోసియా? ఎందుకైనా మంచిది" అంటున్నాడు. రాయకూడదు. పిట్టకు గురిపెట్టి ఉంటే పిట్ట చచ్చేది. అది పొరపాటు అయితే సంచిలో విషం కూడా పొరపాటే అవుతుంది, ఎవ్లోహియా వాంతులు అయ్యే చచ్చిపోయినట్టు అవుతుంది. నేను కన్ను మీద గురిపెట్టాను. కన్నే పోయింది. దీనికి నాకు విచారం లేదు, విచారం ఉన్నట్టు ఎక్కడా రాయవద్దని చెప్పాను.

పై కారణముల చేత తమరిని కోరేది ఇది. లిబ్రాదోను ఈ పూటే ఎముకల డాక్టరు దగ్గరికి పంపాలి, తర్వాత ఇంటికి పంపాలి. వాడి చోట నన్ను పెట్టాలి, ఎన్నేళ్లన్నా సరే, ఎలాగూ అన్నేళ్లు నా దగ్గర లేవు. నా చెల్లెలి గొయ్యి తవ్వించి కడుపు పరీక్ష చేయించాలి, తోబుట్టువుగా నేను సమ్మతిస్తున్నాను, దగ్గరుండి తవ్వుతాను కూడా. తుపాకిని నా కోడలు నికాండ్రాకు అప్పగించాలి, పొలంలో మొలకలు ఇంకా లేతగా ఉన్నాయి, పిట్టలు కేసు తేలేదాకా ఆగవు.

ఇదంతా చిత్తగించి, నవ్వకుండా, తలుపు తీయవలెను.

తమ విధేయురాలు
(ఈ మాట లేకపోతే కాయితం చెల్లదంటే ఒప్పుకున్నాను)
తెయోదోసియా లావరియేగా

తా.క. వేలు పెట్టేలోపల ఇంకో సంగతి జరిగింది, అది కూడా రాయించాకే ముద్ర వేస్తానన్నాను. దోన్ అన్సెల్మో మొదటినుంచీ గట్టిగా చదివి వినిపిస్తుంటే కమానుల కింద కూరలు కొనుక్కుంటున్నవాళ్లు కొందరు మూగారు. వాళ్లలోంచి నల్ల శాలువా కప్పుకున్న ఒకామె ముందుకు వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది. నేను లేవబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"కూర్చో పెద్దమ్మా. నిన్ను క్షమించడానికి రాలేదు. ఆయన మొహం రోజూ కడుగుతున్నది నేను."

"మరెందుకొచ్చావ్?"

"ఆ పూట ఆయనకు అన్నం తీసుకొచ్చి జొన్న చేలో నిలబడి ఉన్నా, నువ్వు చూళ్లేదు. అన్నీ చూశా, ఆయన నీతో అన్నమాట కూడా విన్నా. నీ కొడుకు చేతులు అడ్డం పెట్టకపోతే నేను ఈపాటికి విధవను. నా మొగుణ్ణి బతికించినవాడు కుళ్లిపోతుంటే ఇంట్లో కూర్చుని నేను కన్ను కడగలేను. రాయించు. నాకు సంతకం వచ్చు."

తెయోదోసియా లావరియేగా, కుడి బొటనవేలి ముద్ర.

సాక్షి: అన్సెల్మో కిరోగా, లేఖరి. చెప్పినది చెప్పినట్టు రాశాను, కొన్ని తిట్లు తప్ప.

సాక్షి: దోమితీలా, మసెదోనియో పచేకో భార్య. కాల్చింది ఈమె. ఆపింది ఈమె కొడుకు.